కామినో: 25 రోజుల సెలవు, 61 ఏళ్ల అమ్మ. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మీది కాజీపేట. ఇంతకు ముందు గుణదలకు పాదయాత్ర చేశారు. వచ్చే సెప్టెంబర్‌లో అమ్మని, పిన్నిని తీసుకుని స్పెయిన్‌లోని సాంతియాగో దె కొంపొస్తెలాకు, అంటే అపొస్తలుడైన యాకోబు సమాధి ఉందని నమ్మే క్షేత్రానికి, నడిచి వెళ్లాలని అనుకుంటున్నారు. ఆ యాత్రాదారినే కామినో అంటారు. సెలవు ప్రయాణంతో కలిపి 25 రోజులు. అమ్మకు షుగర్ ఉంది (మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు), మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు నొస్తాయి. ఫ్రాన్స్ సరిహద్దు నుంచి మొత్తం దారి నడవగలమా, ఎలా తయారవ్వాలి, పిన్ని బాప్టిస్టు కాబట్టి యాత్ర పూర్తిచేసినట్టు ఆమెకు సర్టిఫికెట్ ఇస్తారా అన్నవి మీ ప్రశ్నలు.

మొత్తం దారి కుదరదు. ఫ్రెంచ్ మార్గం అనే ఈ దారి ఫ్రాన్స్ సరిహద్దు ఊరు సెయింట్ జాన్ పీ దె పోర్ నుంచి సుమారు 780 కిలోమీటర్లు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే 32 నుంచి 35 రోజులు పడుతుంది. మీ 25 రోజుల్లో రాకపోకలకు ఆరు తీసేస్తే మిగిలేది 19. పైగా మొదటి రోజే పిరెనీస్ కొండలు. దాదాపు 25 కిలోమీటర్ల నడకలో 170 మీటర్ల ఎత్తు నుంచి 1,400 మీటర్ల పైకి ఎక్కి, ఆ తర్వాత రొన్సెస్వాయెస్‌కు నిటారుగా దిగాలి. విమానం దిగిన మర్నాడే ఆ దిగుడుకు దిగినవాళ్లలో చాలామందికి మోకాళ్లు అక్కడే పట్టేస్తాయి, తర్వాతి వారమంతా కుంటుకుంటూ నడుస్తారు.

అందరూ చెప్పే రెండో మాట సర్రియా. అక్కడి నుంచి సుమారు 115 కిలోమీటర్లు, సర్టిఫికెట్‌కు సరిపోతుంది. కానీ 19 రోజులు చేతిలో పెట్టుకుని సర్రియాకు పోవడం దండగ. ఆ భాగంలో జనం విపరీతం, బడి పిల్లల గుంపులు కూడా తగులుతాయి. లెయొన్ నుంచి 310, అస్తోర్గా నుంచి 260 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మీరొక్కరే అయితే అస్తోర్గానే చెప్పేవాణ్ని. అమ్మ ఉన్నారు కాబట్టి వద్దు. అస్తోర్గా నుంచి పోతే క్రుజ్ దె ఫెర్రో (కొండ మీది ఇనుప శిలువ) దాటాక ఎల్ అసేబో మీదుగా మోలినాసేకాకు దిగే తొవ్వ వస్తుంది. దారి పొడవునా పలుచని రాతి పలకలు, దొర్లే రాళ్లు. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు ఈ మార్గంలో అంతకన్నా చెడ్డ చోటు లేదు.

మీకు పొన్‌ఫెర్రాదా సరిపోతుంది. ఆ దిగుడు అయిపోయిన తర్వాత వచ్చే ఊరు, మాద్రిద్ నుంచి రైలూ బస్సూ రెండూ ఉన్నాయి, సాంతియాగో 205 కిలోమీటర్లు. రోజుకు సగటున 12 కిలోమీటర్లు పడుతుంది. గుణదలకు రోజుకు 30, 35 నడిచినవాళ్లకు ఇది తక్కువ అనిపిస్తుంది. గుణదల యాత్రలో సామాను వ్యాన్‌లో వస్తుంది, నేల చదును, వారం రోజుల్లో అయిపోతుంది. ఇక్కడ పదిహేడు రోజులు వరుసగా, ఎక్కుతూ దిగుతూ నడవాలి. కాళ్లు మొరాయించేది సాధారణంగా మూడో రోజు నుంచి ఆరో రోజు లోపల.

రోజువారీ మజిలీలు ఇలా వేసుకోండి. పొన్‌ఫెర్రాదా నుంచి కకాబెలోస్ 15 కిలోమీటర్లు, మర్నాడు విల్యాఫ్రాంకా 8 మాత్రమే. ఆ చిన్న రోజు కావాలనే పెట్టింది, కాళ్లు చూసుకోవడానికి. అక్కడి యాకోబు గుడికి క్షమాపణ ద్వారం ఉంది. జబ్బుపడి ముందుకు పోలేని యాత్రికులు పూర్వం ఆ ద్వారం దగ్గరికి చేరితే సాంతియాగో చేరినట్టే లెక్క, అదే పాపదండన పరిహారం దొరికేది. తర్వాత వేగా దె వల్కార్సె 16. నాలుగో రోజు ఓ సెబ్రెయిరో, 12 కిలోమీటర్లే అయినా యాత్ర మొత్తంలో పెద్ద ఎక్కుడు అదే. లాస్ ఎర్రేరియాస్ దాటాక 8 కిలోమీటర్లలో దాదాపు 600 మీటర్లు ఎక్కాలి. ఆ తర్వాత ఫొన్‌ఫ్రియా 12, త్రియాకస్తేలా 9, సర్రియా 18. సర్రియాలో ఒక రోజు విశ్రాంతి. అక్కడి నుంచి ఫెర్రెయిరోస్ 12 (100 కిలోమీటర్ల రాయి ఆ దగ్గర్లోనే), పోర్తోమరీన్ 9, వెంతాస్ దె నరోన్ 13, పాలాస్ దె రెయ్ 12, మెలీదె 15, అర్సువా 14, సల్సేదా 11, పెద్రౌసో 8, లవకొల్యా 10, సాంతియాగో 10. ఇవన్నీ అర కిలోమీటరు, కిలోమీటరు అటూ ఇటూ. మొత్తం పదిహేడు నడక రోజులు, సర్రియాలో ఒకటి, సాంతియాగోలో ఒకటి, రాకపోకలకు ఆరు. అమ్మ హుషారుగా ఉంటే సల్సేదా నుంచి నేరుగా లవకొల్యా నడిస్తే ఒక రోజు చేతిలో మిగులుతుంది.

ఓ సెబ్రెయిరో ఎక్కుడు అమ్మకు కష్టమనిపిస్తే లాస్ ఎర్రేరియాస్ నుంచి టాక్సీ పెట్టండి. గుర్రం మీద ఎక్కించేవాళ్లు కూడా ఉన్నారు. సర్టిఫికెట్‌కు ఇబ్బంది రాదు. ఆ సర్టిఫికెట్‌నే కొంపొస్తెలా పత్రం అంటారు, దానికి చూసేది సాంతియాగోకు ముందున్న చివరి 100 కిలోమీటర్లు నడిచారా లేదా అన్నదే. సర్రియా దాటాక మాత్రం ఒక్క కిలోమీటరు కూడా బండి ఎక్కొద్దు. సామాను బండిలో పంపితే తప్పు లేదు, మనిషి నడవాలి. అసలు చూసుకోవాల్సింది ఎక్కుడు కాదు, మర్నాడూ ఎల్లుండీ వచ్చే దిగుడు. 1,300 మీటర్ల పైనుంచి త్రియాకస్తేలాకు 670 దాకా దిగాలి. చాలామంది ఒక్క రోజులో 21 కిలోమీటర్లు దిగిపోతారు. ఫొన్‌ఫ్రియాలో ఆగమన్నది అందుకే.

తయారీకి నాలుగు నెలలు చాలు, మే నుంచి మొదలుపెట్టండి. మన ఎండలకు తెల్లవారుజామున అయిదింటికే బయల్దేరి ఎనిమిదికి ఇంట్లో ఉండాలి. మొదటి నెల వారానికి నాలుగు రోజులు 5 కిలోమీటర్లు, భద్రకాళి చెరువు కట్ట మీద చాలు. రెండో నెల ఆదివారాలు 10. మూడో నెల నుంచి శని, ఆదివారాలు వరుసగా 12, 12. ఈ వరుస రోజుల నడకే అసలు పరీక్ష, ఒక్క రోజు 20 నడిచినా అది చెప్పలేని సంగతి రెండో రోజు పొద్దున కాలు మడమ చెప్తుంది. కాజీపేట స్టేషన్ నుంచి హనుమకొండ, వరంగల్ మీదుగా కోట దాకా ఒకవైపు సుమారు 12 కిలోమీటర్లు, తిరుగు ప్రయాణం ఆటోలో. జులై, ఆగస్టు వానల్లో నడక మానకండి. సాంతియాగో ఉన్న గలీసియా ప్రాంతంలో వాన తప్పదు కాబట్టి అదే రెయిన్ పాంచో, అవే బూట్లు, అదే బ్యాగు ఇక్కడే తడిపి చూసుకోవాలి.

మన చుట్టూ కొండలు చిన్నవి. పద్మాక్షి గుట్ట మెట్లు వారానికి రెండుసార్లు, ఒక్కోసారి అయిదారు మాట్లు ఎక్కి దిగండి. లేదంటే ఇంటి మెట్లే వాడుకోండి, మూడంతస్తులు సుమారు 9 మీటర్లు, ఇరవై సార్లు దిగితే 180 మీటర్లు. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువు మోస్తుంది, మర్నాడు ఒళ్లు పట్టేసేది అందుకే. ఈ పనికి ఆ కండరం అలవాటు పడిందంటే మోకాలి మీద భారం తగ్గుతుంది. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడకపోవడం ఆగితే పోతుంది, దిగేటప్పుడు వచ్చిన నొప్పి ఆగినా పోదు. రెండు చేతికర్రలు ఇప్పుడే కొని గుట్ట మీద వాడండి. దిగేటప్పుడు కర్ర ముందు పడాలి, తర్వాత కాలు. కర్ర పొడవు కొంచెం పెంచుకోవాలి, అడుగు చిన్నదిగా వేయాలి.

ఇక పాదాలు. ఈ యాత్ర సగంలో ఆపేసినవాళ్లలో ఎక్కువమంది కారణం పొక్కులు, లేదా కాలి ముందు భాగంలో నరం (టెండన్) పట్టేయడం. చర్మం బూటుకు అతుక్కుని ఉంటే లోపల ఎముక ముందుకు వెనక్కు కదులుతుంది, మధ్యలో పొర చీలి నీరు చేరుతుంది. తడి ఉంటే చర్మం ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. కాబట్టి కాటన్ సాక్స్ వద్దు, అది చెమట పీల్చి అట్లాగే ఉంచుకుంటుంది. ఉన్ని కలిసిన సాక్స్ మూడు జతలు చాలు. బూట్లు సాయంత్రం పూట కొనాలి, పాదం అప్పటికి వాచి ఉంటుంది. సాక్స్ వేసుకుని, బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉండేలా, మామూలుగా వేసుకునేదానికన్నా ఒక సైజు పెద్దది. చీలమండ దాకా వచ్చే బరువైన బూట్లు సెప్టెంబర్‌లో అక్కర్లేదు, ట్రెయిల్ షూ, అంటే కాలిబాటల కోసం చేసిన తేలిక బూట్లు, చాలు. వాటి మీద కనీసం 100 కిలోమీటర్లు ఇక్కడే నడవాలి. పొన్‌ఫెర్రాదాలో కొత్త బూట్లు తీసినవాళ్లు కకాబెలోస్‌లో ఫార్మసీ వెతుక్కుంటారు.

చెప్పుల్లో, ఉత్త కాళ్లతో పాదయాత్రలు చేసినవాళ్లకు అరికాలు గట్టిపడి మడమలు పగిలి ఉంటాయి. ఇది బలమని అనుకోవద్దు. పగుళ్లలో నుంచి చీము పడితే నడక అక్కడితో ఆగిపోతుంది, షుగర్ ఉన్నవాళ్లకు ప్రమాదం కూడా. రెండు నెలల ముందు నుంచి రోజూ రాత్రి యూరియా క్రీమ్ రాసి పగుళ్లు మాన్పుకోండి. గోళ్లు నేరుగా కత్తిరించాలి, మూలలు లోపలికి తీయకూడదు. పొద్దున బూట్లు వేసే ముందు వేళ్ల పైన, మడమకు వాజలైన్. రెండు గంటలకోసారి బూట్లు, సాక్స్ విప్పి పది నిమిషాలు ఆరబెట్టాలి. ఎక్కడైనా మంటగా, వేడిగా అనిపిస్తే ఆ క్షణమే ఆగి టేప్ వేయాలి. వచ్చే ఊళ్లో చూద్దాం అనుకుంటే వచ్చే ఊరికి పొక్కు తయారుగా ఉంటుంది. లేసులు పాదం పైన మరీ బిగించొద్దు, కాలి ముందు నరం వాచేది అలాంటి బిగుతుకే. దిగుడు ఉన్న రోజు మాత్రం చీలమండ దగ్గరి చివరి రంధ్రాలు వాడి, పాదం ముందుకు జారకుండా కట్టుకోవాలి. లేకపోతే వేలిగోళ్లు నల్లబడతాయి.

మీకూ పిన్నికీ పొక్కు పెద్దదై నొస్తే కాల్చిన లేదా స్పిరిట్‌తో తుడిచిన సూదితో అంచున రెండు చోట్ల పొడిచి, నీరు పిండి, పై చర్మం తీయకుండా బెటాడిన్ పెట్టి కట్టండి. దారం గుచ్చి వదిలేయమని అక్కడ కొందరు చెప్తారు, వద్దు, సూక్ష్మక్రిములకు అది దారి. అమ్మకు మాత్రం పొక్కు మీరు పొడవొద్దు. పొక్కుల కోసం అమ్మే జెల్ పట్టీలు కూడా డాక్టర్‌ని అడక్కుండా అతికించొద్దు. కాస్త పెద్ద ఊళ్లలో ఆకుపచ్చ శిలువ గుర్తు ఉన్న ఫార్మసీ, ఆరోగ్య కేంద్రం ఉంటాయి, అక్కడికి తీసుకెళ్లండి.

షుగర్ సంగతి ఇంకా ఉంది. గ్లిమెపిరైడ్ వేసుకుని అయిదు గంటలు నడిస్తే షుగర్ పడిపోయే అవకాశం గట్టిగా ఉంది. బయల్దేరడానికి మూడు నెలల ముందే డాక్టర్‌తో మాట్లాడి, ఇక్కడ 12 కిలోమీటర్ల నడక రోజుల్లో గ్లూకోమీటర్‌తో చూసి, నడిచే రోజు మోతాదు ఎంతో తేల్చుకోండి. సొంతంగా తగ్గించొద్దు. అరికాలి స్పర్శ పరీక్ష, అదే సన్నని నైలాన్ పోగుతో గుచ్చి చూసేది, చేయించండి. స్పర్శ తగ్గి ఉంటే పొక్కు పడినట్టు అమ్మకు తెలియదు, కాబట్టి రోజూ రాత్రి మీరే టార్చ్ వేసి అరికాళ్లు, వేళ్ల సందులు చూడాలి. సెప్టెంబర్‌లో స్పెయిన్ మనకన్నా మూడున్నర గంటలు వెనక, మాత్రల వేళలు అందుకు తగ్గట్టు మార్చుకోవాలి. మందులు సరిపడా కన్నా వారానికి ఎక్కువ, సగం మీ బ్యాగులో సగం ఆమె దాంట్లో, మందు అసలు పేరుతో ఇంగ్లిషులో రాసిన చీటీతో. అత్యవసర నంబర్ 112.

తిండి వేళలు ఆమెకు పెద్ద చిక్కు. అక్కడ మధ్యాహ్న భోజనం ఒకటిన్నర తర్వాత, రాత్రి భోజనం ఎనిమిదికి. యాత్రికుల కోసం ఏడింటికి పెట్టే చోట్లున్నాయి, అడిగి దిగండి. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా దుకాణాలు మూతపడతాయి, ఆదివారం చాలా ఊళ్లలో తెరవనే తెరవరు. శనివారమే కొనిపెట్టుకోవాలి. పొద్దున కాఫీ, కాల్చిన బ్రెడ్డు తప్ప పెద్దగా ఏమీ దొరకదు. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ కోడిగుడ్ల అట్టు, దాన్ని తోర్తీయా అంటారు, దాదాపు ప్రతి బారులో ఉంటుంది, అమ్మకు అదే మేలు. లెంతేఖాస్ అంటే పప్పు పులుసు లాంటిది. పంది మాంసం వేస్తారు, వద్దనుకుంటే ముందే అడగాలి. ఇంటి నుంచి సకినాలు, పుట్నాలు, మామిడికాయ తొక్కు తీసుకుపోవచ్చు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు యూరప్‌లోకి రానివ్వరు, బ్యాగులో పెట్టొద్దు. అన్నం వండుకుందామనుకుంటే ఒక మాట. గలీసియాలోని ప్రభుత్వ ఆశ్రయాల్లో వంటగది ఉంటుంది, గిన్నెలు చాలా చోట్ల ఉండవు. ఒక చిన్న స్టీలు గిన్నె పెట్టుకోండి.

యాత్రికుల ఆశ్రయాలను అల్బెర్గె అంటారు. ప్రభుత్వానివి చవక, గలీసియాలో 10 యూరోల దరిదాపు, కానీ ముందుగా బుక్ చేయలేం, ఒక్క రాత్రే, బండిలో పంపిన సామాను తీసుకోరు. మీ ముగ్గురికీ ప్రైవేటువే మంచివి, మంచానికి 15 నుంచి 20 యూరోలు, బుక్ చేసుకోవచ్చు. బంకు మంచాలు కాబట్టి అమ్మకు కింది మంచం అడగండి, 'లితేరా బాఖా' అంటే చాలు. రాత్రి పదికి దీపాలు ఆర్పేస్తారు. మంచం మీద బ్యాగు పెట్టొద్దు, పరుపు కుట్ల వెంట నల్లులు ఉన్నాయేమో ముందు చూసుకోండి.

బ్యాగు బరువు శరీర బరువులో పదో వంతు మించకూడదు, నీళ్లతో కలిపి. అమ్మ బ్యాగు రోజూ తర్వాతి ఊరికి పంపేయండి, మజిలీకి 5 నుంచి 7 యూరోలు. మందులు, గ్లూకోమీటర్, వాన కోటు మాత్రం ఆమె దగ్గరే ఉండాలి. రెండు జతల బట్టలు, ఒక వెచ్చని జాకెట్. ఓ సెబ్రెయిరోలో సెప్టెంబర్ పొద్దున పది డిగ్రీల కింద పొగమంచు మామూలే. చీర వద్దని పిన్నికి ముందే చెప్పండి. గలీసియా బురదలో అంచు తడిసి కాలికి చుట్టుకుంటుంది, రాత్రికి ఆరదు. త్వరగా ఆరే పంజాబీ డ్రెస్ మేలు.

మనవాళ్లకు ఉన్న తెల్లవారుజామున మూడింటికి లేచి నడిచే అలవాటు అక్కడ పనికిరాదు. సెప్టెంబర్ మూడో వారంలో గలీసియాలో సూర్యుడు ఎనిమిది దాటాక వస్తాడు. చీకట్లో పసుపు బాణం గుర్తులు కనపడవు, అడవి తొవ్వలో తప్పిపోతారు. ఆ బాణాలు 1980లలో గీయడం మొదలుపెట్టింది ఓ సెబ్రెయిరో గురువు ఎలియాస్ వలీన్యా, ఆయన సమాధి ఆ ఊరి గుడిలోనే ఉంది, చూడండి. ఎనిమిదికి బయల్దేరి రెండింటికి చేరేలా నడిస్తే చాలు.

వీసా షెంగెన్‌ది, స్పెయిన్‌కే అప్లై చేయాలి, ఎక్కువ రోజులు ఉండేది అక్కడే కాబట్టి. ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, ప్రయాణానికి కనీసం 15 రోజుల ముందు అందాలి, మీరు మూడు నెలల ముందే వేయండి. పెద్దలకు ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జీ వేరు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. అమ్మ పాలసీలో పాత జబ్బుల కవరేజీ చూసి తీసుకోండి. చాలా పాలసీలు షుగర్ వల్ల వచ్చిన పుండుకు పైసా ఇవ్వవు. ప్రతి రాత్రి ఎక్కడ ఉంటారో రుజువు అడుగుతారు, ఇందుకు కూడా ప్రైవేటు అల్బెర్గెల బుకింగే దారి. రద్దు చేసుకునే వీలున్నవి చూడండి. 2027లో అయితే ఇవన్నీ ఇంకా ముందే చేయాలి. జూలై 25, అంటే యాకోబు పండుగ, ఆదివారం పడిన ఏడాది పవిత్ర సంవత్సరం, 2027 అలాంటిదే, ఆ ఏడాది సర్రియా నుంచి ఇసుక వేస్తే రాలనంత జనం. ఖర్చు విమానం కాకుండా మనిషికి రోజుకు 45 నుంచి 55 యూరోలు వేసుకోండి. యూపీఐ నడవదు. ఫారెక్స్ కార్డు, దానితోపాటు నగదు ఉండాలి, చిన్న ఊళ్లలో కార్డు తీసుకోరు.

పిన్ని విషయం. కొంపొస్తెలా పత్రం కథోలికులకే అని నియమం లేదు. దైవభక్తితో గానీ ఆత్మీయ కారణంతో గానీ నడిచామని చెబితే చాలు. పేరు లాటిన్‌లో రాసి ఉచితంగా ఇస్తారు. పూజలో కూర్చోవచ్చు, దివ్యసత్ప్రసాదం మాత్రం కథోలికులకే, అక్కడ ఇబ్బంది పడకుండా ముందే చెప్పండి. యాత్రికుల పాస్‌పోర్టును క్రెదెన్సియాల్ అంటారు, పొన్‌ఫెర్రాదాలోని యాత్రికుల ఆశ్రయంలో అడగండి. ముగ్గురికి మూడు. దాని మీద రోజుకు రెండు ముద్రలు వేయించుకోవాలి, గుడిలో ఒకటి, కాఫీ తాగిన చోట ఒకటి. ఒక్క రోజు ఒకటే ఉన్నా ఆఫీసులో అడుగుతారు.

సాంతియాగో చేరిన రోజు నేరుగా కర్రేతాస్ వీధిలోని యాత్రికుల ఆఫీసుకు పోండి, ఫోన్‌లో ముందే వివరాలు నింపుకుంటే వరుస త్వరగా కదులుతుంది. కతీద్రల్‌లోకి పెద్ద బ్యాగులు రానివ్వరు, గదిలో పెట్టి మధ్యాహ్నం 12 పూజకు గంట ముందే వెళ్లండి. వేలాడే ఆ పెద్ద ధూపపాత్ర రోజూ ఊపరు, దానికోసం ఒక రోజు పెంచుకోవద్దు. తిరుగు ప్రయాణంలో చేతికర్రలు చెక్-ఇన్ బ్యాగులో వేయాలి, క్యాబిన్‌లోకి తీసుకోరు. మాద్రిద్‌కు రైలైనా విమానమైనా, అంతర్జాతీయ విమానానికి ముందు రోజే చేరిపోండి.